మధువు పంచిన రాణి: మేవ్ అనే పేరు గురించి
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం ఒకే ఒక్క పేరు గురించి మాట్లాడతాను. మేవ్. ఇక్కడ ఐర్లండ్‌లో ఉంటున్న మనవాళ్ళలో ఈ పేరు విననివాళ్ళు ఉండరు. పిల్లల తరగతిలో ఒక మేవ్ ఉంటుంది, ఆఫీసులో ఒక మేవ్ ఉంటుంది. నవలలు చదివేవాళ్ళకు మేవ్ బిన్షీ తెలుసు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఐర్లండ్ తరఫున పరుగు పందేల్లో పాల్గొన్న మొదటి మహిళ మేవ్ కైల్. 1946లో ఈ దేశపు నౌకాదళం మూడు యుద్ధనౌకలు కొని వాటికి పురాణ స్త్రీల పేర్లు పెట్టింది: మాకా, మేవ్, క్లీనా. 1977లో కొత్త ఒక పౌండు నోటు వచ్చినప్పుడు దానిమీద వేసిన ముఖం కూడా మేవ్ రాణిదే.

దేశం డబ్బు మీద ముఖం వేసుకున్నారంటే ఆమె ఎంత పుణ్యాత్మురాలో అనుకుంటాం. కథల్లోకి వెళితే అలా కనిపించదు. ఒక ఆబోతు కోసం యుద్ధం తెచ్చింది. సొంత కూతుర్ని ఎరగా చూపి వీరుల్ని ఒక్కొక్కరినే చావుకు పంపింది. నిండు గర్భిణిగా ఉన్న తోబుట్టువును చంపింది. పాత పుస్తకాలు రాసిన సన్యాసులు ఆమెను మెచ్చుకోలేదు. అయినా ఆ పేరు చావలేదు, ఈరోజుకీ ఆడపిల్లలకు ప్రేమగా పెట్టుకుంటున్నారు. ఎందుకని? నా దృష్టిలో దానికి జవాబు ఆ పేరులోనే ఉంది. ఆ పేరుకు అర్థం తెలిస్తే ఆమె కథంతా వేరేగా కనబడుతుంది.

ముందు ఉచ్చారణ సంగతి తేల్చుకుందాం. పాత ప్రతుల్లో ఈ పేరు నాలుగు అక్షరాలు: ఎం, ఇ, డి, బి. ఉన్నదున్నట్టు చదివితే నోరు తిరగదు. వెయ్యేళ్ళ కిందట దాన్ని దాదాపు ‘మెద్వ్’ అనేవారు. ఆ ‘ద’ గట్టిది కాదు, నాలుక కొస పళ్ళకు తగిలీ తగలకుండా వచ్చేది. వాడుకలో అది అరిగి అరిగి పోయింది, అచ్చు సాగింది, ‘మేవ్’ మిగిలింది. ఇంగ్లీషు పద్ధతిలో రాసినా, ఐరిష్ పద్ధతిలో చివర బి, హెచ్ పెట్టి రాసినా పలకడం ఒకటే. మీ పిల్లల స్నేహితురాలి పేరు చివర బీ హెచ్ కనిపిస్తే కంగారు పడకండి, అది ‘వ’.

ఇక అర్థం. పాత ఐరిష్‌లో ‘మిద్’ అంటే తేనెను నీళ్ళలో కలిపి పులియబెట్టిన పానీయం. ఇంగ్లీషులో మీడ్. లిథువేనియాలో తేనెను మెదుస్ అంటారు, రష్యాలో మ్యోద్ అంటారు. ప్రాచీన గ్రీకులు ద్రాక్షసారాను మెథు అన్నారు. సంస్కృతంలో మధు. ఇవన్నీ ఒకే మూలం నుంచి చీలి వచ్చిన మాటలని భాషాశాస్త్రం తేల్చింది, ఇందులో వివాదమేమీ లేదు. ఆ మధువు నుంచి పుట్టిన పేరు మేవ్. మధువుకు చెందినది, మత్తెక్కించేది అని అర్థం.

పేర్ల పుస్తకాలన్నీ ఇక్కడితో ఆగిపోతాయి. ‘మత్తెక్కించేది’ అని ఒక ముక్క రాసి పక్క పేరుకు వెళ్ళిపోతాయి. చదివినవాళ్ళు ఏమనుకుంటారు? చూపులతో మగవాళ్ళ మతి పోగొట్టే అందగత్తె అనుకుంటారు. అలా అనుకోవడం వల్లే ఈ పేరుకు అన్యాయం జరిగింది. ఆ మధువు ఎక్కడ పోశారు, ఎవరికి పోశారు, ఎందుకు పోశారు అని అడగాలి.

డబ్లిన్ నుంచి కారులో గంటలోపే తారా కొండకు వెళ్ళొచ్చు. మీలో చాలామంది వెళ్ళే ఉంటారు. పైకి చూస్తే పచ్చిక, గొర్రెలు, మట్టి దిబ్బలు. ఐర్లండ్ పురాణాల్లో రాజులకు రాజు కూర్చునే చోటు అది. అక్కడ సుమారు 200 మీటర్ల పొడవున రెండు మట్టి గట్లు సమాంతరంగా సాగుతాయి, మధ్యలో పల్లం. దాని పాత పేరుకు ‘మధువు వరసగా తిరిగే ఇల్లు’ అని అర్థం. అది ఇల్లు కాదనీ, ఊరేగింపు దారి అయివుంటుందనీ ఈనాటి పురావస్తువేత్తలు అంటారు. పేరు పెట్టినవాళ్ళ మనసులో మాత్రం రాజూ, విందూ, చేతులు మారే మధుపాత్రా ఉన్నాయి.

ఆ పాత్ర ఎంత ముఖ్యమైనదో చెప్పే కథ ఒకటుంది. తొమ్మిదో శతాబ్దంలో పుట్టి తర్వాత పెరిగిన కథ. ‘నూరు యుద్ధాల’ కొన్ అనే రాజు తారాలో ఒక రాతిమీద కాలు వేస్తాడు. రాయి కేకలు పెడుతుంది. ఎన్ని కేకలో, అతని వంశంలో అంతమంది రాజులు. ఇంతలో మంచు కమ్ముకుంటుంది, దారి తెలియదు. ఒక రౌతు వచ్చి తన ఇంటికి తీసుకుపోతాడు. అక్కడ స్ఫటికపు ఆసనం మీద బంగారు కిరీటంతో ఒక అమ్మాయి కూర్చుని ఉంటుంది. ఎదుట వెండి గంగాళం, దాని నిండా ఎర్రని సారా, చేతిలో బంగారు పాత్ర. ఆమె పేరు ‘ఐర్లండ్ రాజ్యాధికారం’. ఆమెది ఒకటే ప్రశ్న: “ఈ పాత్ర ఎవరికి ఇవ్వను?” పక్కన కూర్చున్న లుగ్ దేవుడు చెబుతాడు: “కొన్‌కు ఇవ్వు.” మళ్ళీ అడుగుతుంది, “తర్వాత ఎవరికి?” ఇంకో పేరు. మళ్ళీ అడుగుతుంది. అలా పుట్టబోయే రాజులందరి పేర్లూ వరసగా వస్తాయి. పాత ఐరిష్‌లో ‘సారా’కీ ‘రాజ్యాధికారం’కీ వాడే మాటలు చెవికి దాదాపు ఒకేలా వినబడతాయి. ఆ కథ రాసినవాడు ఆ శ్లేషను చాలా ఇష్టంగా వాడుకున్నాడు.

అంటే రాజ్యం తండ్రి నుంచి కొడుక్కు ఊరికే వచ్చేది కాదు. భూమి స్త్రీ రూపంలో వచ్చి పాత్ర అందించాలి. అతను తాగాలి. అది పెళ్ళి. రాజు ఆ నేలను పెళ్ళాడుతున్నాడన్నమాట. ఇందుకు సంబంధించిన కథలు ఇంకా ఉన్నాయి. నియల్ అనే కుర్రాడు, అతని అన్నలు దాహంతో ఒక బావి దగ్గరకు వస్తారు. అక్కడ కాపలా ఉన్న ముసలిది, చూడటానికి భయంకరంగా ఉన్నది, ముద్దిస్తేనే నీళ్ళంటుంది. అన్నలు వెనక్కి తగ్గుతారు. నియల్ కౌగిలించుకుంటాడు. ఆమె వెలిగిపోయే సుందరిగా మారి, “నేను రాజ్యాన్ని” అంటుంది. అతని సంతతే తర్వాత శతాబ్దాలపాటు రాజ్యమేలింది.

ఇప్పుడు మేవ్ దగ్గరకు రండి. మేవ్ అన్న పేరుతో నిజానికి ఇద్దరున్నారు. ఒకామె ఐర్లండ్ పడమటి రాజ్యమైన కొనాక్ట్‌కు రాణి, ఆమె గురించే చెప్పబోతున్నాను. రెండో ఆమె తూర్పు రాజ్యమైన లెన్‌స్టర్‌కు చెందిన మేవ్. తారా కొండకు దక్షిణంగా కొద్ది దూరంలో పెద్ద గుండ్రని మట్టికోట ఒకటి ఈమె పేరు మీద ఉంది. ఈ రెండో మేవ్ తొమ్మిదిమంది రాజులకు భార్య అని పాత రాతలు చెబుతాయి. కార్మక్ అనే ప్రసిద్ధుడైన రాజు గురించి ఒక పద్యం ఏమంటుందంటే, మేవ్ ఆ కుర్రాడితో శయనించేదాకా అతను ఐర్లండ్ రాజు కాలేదని. ఆమెను భార్యగా పొందనివాణ్ణి తారాలో రాజుగా ఉండనిచ్చేది కాదట. తొమ్మిదిమంది రాజుల కాలం ఒక మనిషి బతకదు. అందుకే పరిశోధకులు ఈమె మనిషి కాదు, రాజ్యాధికార దేవత అంటారు. కొనాక్ట్ రాణిని కూడా అదే దేవతకు మరో రూపంగా చూస్తారు.

పేరుకు అర్థం ఇప్పుడు తెలిసింది కదా. మత్తెక్కించేది అంటే, రాజ్యమనే మధువును పాత్రలో పోసి ఇచ్చేది. ఎవరికి ఇవ్వాలో, ఎప్పుడు తీసేసుకోవాలో ఆమె ఇష్టం.

కొనాక్ట్ మేవ్ కథ పెద్ద ఇతిహాసంలో వస్తుంది. పేరు ‘టాయిన్ బో కూల్నె’. దీన్ని తెలుగులో చెప్పడానికి నేను వెతుక్కోవలసిన పని లేకపోయింది. విరాటపర్వంలో దక్షిణ గోగ్రహణం, ఉత్తర గోగ్రహణం మనకున్నాయి. ఇది కూల్నె గోగ్రహణం. కూల్నె అంటే ఇవాళ్టి లౌత్ కౌంటీలో సముద్రంలోకి చొచ్చుకువెళ్ళిన కొండల ప్రాంతం. పశువులే సంపదైన సమాజంలో పక్క రాజ్యపు మందను తోలుకు రావడం వీరధర్మం. మనవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఈ కథకు ఉన్న పాత ప్రతుల్లో ఒకటి పన్నెండో శతాబ్దం తొలినాళ్ళది, డాసన్ వీధిలోని రాయల్ ఐరిష్ అకాడమీలో ఉంది. ఇంకొకటి అదే శతాబ్దంలో కాస్త తర్వాతిది, ట్రినిటీ కాలేజీలో ఉంది. ఈ రెండో దాంట్లోనే కథ మేవ్ పడకగదిలో మొదలవుతుంది. మొదటిదాంట్లో ఆ ఘట్టం లేదు.

క్రూఅహన్ కోటలో మేవ్, భర్త ఆలిల్ పక్కమీద పడుకుని మాట్లాడుకుంటున్నారు. ఆలిల్ అంటాడు, ధనవంతుడి భార్యకు సుఖమే సుఖం, నన్ను పెళ్ళాడినప్పటికంటే ఇప్పుడు నీ పరిస్థితి బాగుంది అని. మేవ్ ఊరుకోదు. నేను ఐర్లండ్ ఉన్నత రాజు కూతుర్ని, ఆరుగురు అక్కచెల్లెళ్ళలో నేనే మేటిని, యుద్ధంలోనూ దానంలోనూ నన్ను మించినవాళ్ళు లేరు అంటుంది. ఎందరో అడిగితే కాదన్నానంటుంది. తను అడిగిన శుల్కం ఏమిటో కూడా చెబుతుంది. ఏ ఆడదీ అంతకుముందు అడగని శుల్కం అది: పిసినారితనం లేని మగవాడు, అసూయ లేని మగవాడు, భయం లేని మగవాడు. నేను దానశీలిని, మొగుడు పిసినారి అయితే సరిపడదు. నేను ధైర్యవంతురాలిని, మొగుడు పిరికివాడైతే సరిపడదు. అసూయపరుడైతే అసలే కుదరదు, ఎందుకంటే నా దగ్గర ఒక మగవాడి నీడలో ఇంకొకడు ఎప్పుడూ ఉంటూనే ఉన్నాడు.

అంతటితో ఆగదు. పెళ్ళి కానుకలు ఇచ్చింది నేనే అంటుంది. పన్నెండుమందికి బట్టలు, ఇరవైయొక్క కుమల్‌ల విలువ చేసే రథం, నీ ముఖమంత వెడల్పు ఎర్ర బంగారం, నీ ఎడమ చేతి బరువంత తెల్ల కంచు. ఇక్కడ కుమల్ అన్న మాట మీద కాస్త ఆగాలి. కుమల్ అంటే బానిస స్త్రీ. ఆ కాలంలో విలువ కట్టడానికి అదొక కొలత. ఆడదాన్ని నాణెంగా వాడే లోకంలో కూర్చుని ఒక ఆడది మొగుడికి శుల్కం లెక్కపెడుతోంది. ఈ వాక్యం చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

చివరికి ఆమె మాట: “నీవు భార్య ఆస్తి మీద బతికే మగవాడివి.” మన భాషలో ఇల్లరికం వచ్చినవాడివి అన్నట్టు. ఇది మొగుడూ పెళ్ళాల మధ్య ఊరికే వచ్చిన ఎత్తిపొడుపు అనుకుంటే పొరపాటు. సుమారు 700 సంవత్సరం నాటి ఐరిష్ ధర్మశాస్త్రం పెళ్ళిళ్ళను ఆస్తిని బట్టి విడదీసింది: ఇద్దరూ సమానంగా ఆస్తి తెచ్చిన పెళ్ళి, మగవాడి ఆస్తి మీద ఆడది వచ్చిన పెళ్ళి, ఆడదాని ఆస్తి మీద మగవాడు వచ్చిన పెళ్ళి. ఎవరి ఆస్తి ఎక్కువైతే వారి మాట చెల్లుతుంది. మేవ్ వాడిన మాట అచ్చంగా ఆ శాస్త్రంలోనిదే. కాబట్టి వాళ్ళు లెక్కలు వేసుకోవడం మొదలుపెడతారు. బిందెలు, గంగాళాలు, ఉంగరాలు, బట్టలు, గొర్రెలు, గుర్రాలు, పందులు అన్నీ బయటికి తెప్పించి కొలుస్తారు. అన్నీ సమానం. ఒక్క చోట తేడా వస్తుంది. ఆలిల్ మందలో ఒక తెల్లకొమ్ముల ఆబోతు ఉంది. అది నిజానికి మేవ్ ఆవుకు పుట్టిన దూడే. ఆడదాని సొత్తుగా ఉండటం చిన్నతనమని తనంతట తానే రాజు మందలోకి వెళ్ళిపోయిందట. అంత ఆస్తీ ఒక్కసారిగా లేనట్టే అయింది మేవ్‌కు.

దానికి జోడైన ఆబోతు ఐర్లండ్ మొత్తంలో ఒక్కటే ఉంది, ఉత్తరాన అల్స్టర్ రాజ్యంలోని కూల్నెలో, దారె అనే ఆసామి దగ్గర. మేవ్ ముందు మర్యాదగానే కబురు పంపింది. ఒక ఏడాదికి అరువిస్తే యాభై పెయ్యలు, పొలం, రథం, ఇంకా కావాలంటే తన పొందు. దారె ఆనందంగా ఒప్పుకున్నాడు. ఆ రాత్రి దూతలు తాగి, ఇవ్వకపోతే బలవంతంగానైనా తోలుకుపోయేవాళ్ళం అని పేలారు. అది దారె చెవిన పడింది. ఒప్పందం చెడింది. మధువు పేరు పెట్టుకున్న రాణి కథలో యుద్ధానికి కారణం తాగుబోతు మాట కావడం యాదృచ్ఛికమని నాకు అనిపించదు.

యుద్ధం సంగతి త్వరగా దాటేస్తాను, దానికి ఇంకో సాయంత్రం కావాలి. అల్స్టర్ వీరులందరూ ఒక శాపం వల్ల ప్రసవవేదనతో పడి ఉంటారు. అది కూడా ఒక స్త్రీ శాపమే, గర్భిణిని గుర్రాలతో పరుగు పెట్టించినందుకు మాకా ఇచ్చినది. శాపం తగలని వీరుడు కూహులిన్, పదిహేడేళ్ళవాడు. రేవుల దగ్గర నిలబడి మేవ్ సేనను ఒక్కొక్కరినీ ఆపుతాడు. బయలుదేరే ముందే ఫెదెల్మ్ అనే జోస్యురాలిని మేవ్ అడుగుతుంది, మా సేన ఎలా కనిపిస్తోంది అని. “ఎర్రగా కనిపిస్తోంది, రక్తంలా కనిపిస్తోంది” అంటుంది ఆమె. అలా కాదని మేవ్ మళ్ళీ అడుగుతుంది, మళ్ళీ అదే జవాబు. తెలిసి కూడా కదిలింది. చివరికి సేన చెదిరింది. కూహులిన్ చేతికి మేవ్ చిక్కింది, ఆడవాళ్ళను చంపనని వదిలేశాడు. రెండు ఆబోతులూ పొడుచుకుని ఒకటి అక్కడే చచ్చింది, రెండోది ఇంటిదాకా వెళ్ళి చచ్చింది.

ఓడిపోయి వెనక్కి వస్తున్నప్పుడు ఫెర్గస్ అనే వీరుడు, ఆమె ప్రియుడు, అంటాడు: ఆడగుర్రం వెంట నడిచిన మందకు దారి తప్పి నాశనం కావడం సహజమే అని. ఈ వాక్యాన్ని పట్టుకునే చాలామంది మేవ్‌కు తీర్పు చెప్పేశారు. ఆడపెత్తనం వద్దని చెప్పడానికే కథ రాశారన్నారు. కావచ్చు, రాసింది మఠాల్లోని సన్యాసులు. ట్రినిటీ ప్రతి చివర లేఖకుడు ఐరిష్‌లో ఒక ఆశీస్సు రాశాడు: దీన్ని మార్చకుండా కంఠస్థం చేసినవారికి శుభమగుగాక. వెంటనే కింద లాటిన్‌లో ఇంకో మాట రాశాడు: ఈ కథను రాసిన నేను ఇందులో సంగతులు నమ్మడం లేదు, కొన్ని దయ్యాల మాయలు, కొన్ని కవుల కల్పనలు, కొన్ని మూర్ఖుల వినోదానికి అని. తల్లి భాషలో ఆశీర్వాదం, చర్చి భాషలో క్షమాపణ. ఆ లేఖకుడి మీద నాకు చాలా గౌరవం. నమ్మకపోయినా ఒక్క ముక్క వదలకుండా రాసిపెట్టాడు. అతను రాయకపోతే ఈ సాయంత్రం మనకు మేవ్ లేదు.

అయితే దేవతను రాణిగా మార్చి రాసినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. దేవత తొమ్మిదిమంది రాజులకు మధువిస్తే అది పట్టాభిషేకం. రాణి అదే పని చేస్తే అది వ్యభిచారం. కొనాక్ట్ మేవ్‌కు నలుగురు భర్తలు: అల్స్టర్ రాజు కొన్‌హోవర్, తిన్ని, యోహద్ దాలా, ఆలిల్. ఆమెను చేపట్టనివాడికి కొనాక్ట్ సింహాసనం దక్కలేదు. ‘నీడలో ఇంకొకడు’ అన్న మాట సిగ్గులేనితనం అని పందొమ్మిదో శతాబ్దపు అనువాదకులు తడబడ్డారు. నాకు అది రాజ్యం మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది. రాజు పక్కన తర్వాతి రాజు ఎప్పుడూ నిలబడే ఉంటాడు. అసూయ ఉన్నవాడు రాజుగా పనికిరాడు.

ఇక్కడ మనకు సంబంధించిన సంగతి ఒకటి చెప్పాలి. ఫ్రెంచి పండితుడు జార్జ్ ద్యుమెజిల్ 1971లో మేవ్‌ను మహాభారతంలోని ఒక స్త్రీతో పోల్చి పెద్ద అధ్యయనం ప్రచురించాడు. ఆ స్త్రీ యయాతి కూతురు మాధవి. ఉద్యోగపర్వంలో దుర్యోధనుడికి మొండితనం వద్దని నారదుడు చెప్పే గాలవుడి కథలో వస్తుంది. గురుదక్షిణ ఏమివ్వమంటారని గాలవుడు విశ్వామిత్రుణ్ణి విసిగిస్తే, ఆయన చంద్రుడిలా తెల్లగా ఉండి ఒక చెవి మాత్రం నల్లగా ఉన్న గుర్రాలు ఎనిమిది వందలు తెమ్మన్నాడు. గాలవుడు యయాతిని అడిగాడు. ఆయన దగ్గర గుర్రాలు లేవు, కూతుర్ని ఇచ్చాడు. అయోధ్యలో హర్యశ్వుడు, కాశీలో దివోదాసుడు, భోజనగరంలో ఉశీనరుడు తలా రెండు వందల గుర్రాలిచ్చి ఆమెతో ఒక్కో కొడుకును కన్నారు. మిగిలిన రెండు వందల గుర్రాలకు బదులు విశ్వామిత్రుడే ఆమెను ఏలుకున్నాడు. ప్రతి కాన్పు తర్వాత ఆమె మళ్ళీ కన్య అయ్యేలా ఒక వరం ఉంది. ఈ ఉపాయం గాలవుడికి చెప్పింది కూడా మాధవే.

నలుగురు భర్తలు. ఒకే మూలం నుంచి వచ్చిన పేర్లు, మధు నుంచి మాధవి, మిద్ నుంచి మేవ్. ఇద్దరి తండ్రులూ సార్వభౌములు. మాధవి కొడుకుల్లో ఒకడు దానానికి, ఒకడు శౌర్యానికి పేరుపొందారు, మేవ్ భర్తలో వెతికిన గుణాల్లో దానం, ధైర్యం ఉన్నాయి. రెండు కథలకూ ఒకే ప్రాచీన మూలం ఉందని ద్యుమెజిల్ వాదన. మాధవి పట్టుకున్నవాళ్ళకు రాజ్యానికి వారసులు దొరుకుతారు, స్వర్గం నుంచి జారిపడిన యయాతిని ఆ మనవళ్ళే తమ పుణ్యమిచ్చి నిలబెడతారు. మేవ్ పట్టుకున్నవాళ్ళకు రాజ్యమే దొరుకుతుంది. మూలం ఒకటేనన్న మాటను అందరు పండితులూ ఒప్పుకోలేదు. పోలిక మాత్రం కళ్ళకు కట్టినట్టుంది.

తేడా కూడా అంతే స్పష్టంగా ఉంది, నన్ను ఎక్కువగా పట్టి ఉంచేది ఆ తేడాయే. మాధవిని ఇచ్చి శుల్కం తీసుకున్నారు, ఆ గుర్రాలు గాలవుడి చేతుల్లోంచి విశ్వామిత్రుడికి వెళ్ళాయి. మేవ్ శుల్కం తానే అడిగింది, తానే ఇచ్చింది. మాధవి నోరు తెరిచి కోరుకున్నది ఒక్కసారే. అన్నీ అయ్యాక తండ్రి స్వయంవరం ప్రకటిస్తే, వచ్చిన రాజులందరినీ దాటుకుని వెళ్ళి అడవిని వరించింది. లేళ్ళలా గడ్డి మేస్తూ తపస్సు చేసుకుంది. వాళ్ళిద్దరినీ ఒకచోట కూర్చోబెడితే ఏం మాట్లాడుకుంటారో అని నేను చాలాసార్లు ఆలోచించాను.

మేవ్ చావు గురించి చెప్పి ముగిస్తాను. చెల్లెలు క్లొత్రును మేవ్ చంపినప్పుడు కడుపు చీల్చి బయటకు తీసిన బిడ్డ ఫుర్బిదె. మేవ్ వయసు మళ్ళాక లాఖ్ రీ సరస్సులో ఒక దీవిమీద ఉంటూ రోజూ ఉదయం స్నానానికి వచ్చేది. ఆ దీవి పేరు క్లొత్రు పేరే. ఫుర్బిదె ఒడ్డు నుంచి ఆమె స్నానం చేసే చోటికి తాడుతో దూరం కొలిచాడు. అంతే దూరంలో గుంజ పాతి, దానిమీద ఆపిల్ పెట్టి, ఒడిసెలతో కొట్టడం సాధన చేశాడు. తప్పకుండా తగిలేదాకా చేశాడు. ఒకరోజు ఆమె కనబడింది. ఆ క్షణాన చేతిలో రాయి లేదు, తింటున్న గట్టి జున్నుముక్క ఉంది. దాన్నే ఒడిసెలలో పెట్టి విసిరాడు. నుదుటికి తగిలి మేవ్ పడిపోయింది. దీన్ని హాస్యంగా చెప్పేవాళ్ళున్నారు. నాకు నవ్వు రాదు. పాడి, పశువుల కోసం అంత రక్తం పారించిన మనిషికి పాలనుంచి పుట్టిన గడ్డతోనే చావు రాసిన కవి చాలా లోతైనవాడు.

స్లైగో వెళ్ళినవాళ్ళకు నాక్‌నరే కొండ తెలుసు. 327 మీటర్ల ఎత్తు, పైన పది మీటర్ల ఎత్తు రాళ్ళ గుట్ట. మేవ్ ఆ గుట్టలో అల్స్టర్ వైపు ముఖం పెట్టి, ఆయుధంతో నిలబడి ఉందని అక్కడివాళ్ళ మాట. ఆ గుట్ట సుమారు ఐదు వేల ఏళ్ళనాటి సమాధి, ఇంతవరకు తవ్వలేదు. మేవ్ కథలు జరిగాయని చెప్పే కాలానికి అదప్పటికే మూడు వేల ఏళ్ళ పాతది. ఆ కొండకు ఎదురుగా ఉన్న లిస్సడెల్ భవనంలో పెరిగిన కాన్‌స్టెన్స్ మార్కీవిచ్, తర్వాత బ్రిటిష్ పాలన మీద 1916 తిరుగుబాటులో తుపాకీ పట్టిన ఆమె, 1901లో పుట్టిన తన కూతురికి మేవ్ అని పేరు పెట్టుకుంది. పాత పేర్లు మళ్ళీ ఉయ్యాలల్లోకి వచ్చిన కాలం అది. గుట్టమీదకు ఎక్కవద్దని, రాళ్ళు కదిలిపోతున్నాయని ఇప్పుడు బోర్డు ఉంది. దయచేసి ఆ మాట పాటించండి, చుట్టూ తిరిగి చూస్తే చాలు.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకరు: మేవ్ నిజంగా ఉన్న మనిషేనా? శాసనాలేమైనా ఉన్నాయా?)

మంచి ప్రశ్న. రాస్‌కామన్ కౌంటీలో రాత్‌క్రోహన్ అనే చోటు ఉంది, కథల్లోని క్రూఅహన్ అదే. టల్స్క్ అనే చిన్న ఊళ్ళో దాని ప్రదర్శనశాల ఉంది. అక్కడ ‘పిల్లుల గుహ’ అనే గుహ వాకిట్లో ఒక రాతిమీద ఒగమ్ అనే పాత ఐరిష్ గీతల లిపిలో ‘మెద్వ్ కొడుకు ఫ్రైఖ్‌ది’ అని అర్థం వచ్చే చెక్కడం ఉంది. చూసినవాళ్ళకు గుండె ఝల్లుమంటుంది. కానీ అక్కడున్న పేరు వ్యాకరణం ప్రకారం పుంలింగ రూపం. కాబట్టి మన రాణి అని తీసుకోలేం. అదే మూలం నుంచి వచ్చిన పేరు మగవాళ్ళకూ ఉండేదని మాత్రం తెలుస్తోంది. ఆమె చారిత్రక వ్యక్తి అనడానికి ఆధారం లేదు.

(సభలో మరొకరు: మా చెల్లెలికి ఇక్కడే పాప పుట్టింది. మేవ్ అని పెట్టాలని ఉంది. కానీ ‘మత్తెక్కించేది’ అంటే ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోవడం లేదు.)

అమ్మా, ముందుగా పాపకు నా ఆశీస్సులు. పెద్దవాళ్ళకు ‘మత్తు’ అని చెప్పకండి, అది సగం అర్థమే. మధువు గల తల్లి, రాజుకు అర్హత ఉందో లేదో చూసి పాత్ర అందించే తల్లి అని చెప్పండి. అప్పటికీ ఒప్పుకోకపోతే, మన ఊళ్ళలో ఎన్ని ఇళ్ళల్లో మాధవి ఉందో లెక్కపెట్టమనండి. అదీ మధువులోంచి వచ్చిన పేరే.